రెండు వేళ్లు తక్కువ

నేను ఒక హర్డిల్‌ను. పరుగు పందెంలో మనుషుల దారికి అడ్డంగా నిలబెట్టే చెక్క పలకను, కింద రెండు ఇనప కాళ్లతో. అడ్డం పడటమే నా ఉద్యోగం. ఇళ్లల్లో ఎవరైనా అడ్డం పడితే తిట్టిపోస్తారు. మమ్మల్ని మాత్రం కొలిచి, రంగు వేసి, ఒకరి వెనక ఒకరిని పది మందిని నిలబెట్టి, ఎవరు ముందు దాటతారా అని చప్పట్లు కొడతారు. మనుషుల సంగతి నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు గానీ, తెలిసినంత చెబుతాను. పెద్ద చదువు చదివిన దాన్ని కాను. నా ఒంటి మీద ఉన్న అక్షరాలే రెండు, మా క్లబ్బు పేరువి. కానీ చూసింది ఏదీ మరిచిపోలేదు.

నేను పుట్టింది జర్మనీలో, లిండెన్‌బ్రూక్ అనే చిన్న ఊళ్లో, డెబ్బైల్లో ఒక చలికాలం. మా ఊరి క్లబ్బు హర్డిల్స్ కాళ్లు తుప్పు పట్టి పడిపోతుంటే, తాళాలు, గేట్లు చేసే ఎవాల్డ్ అనే ఆసామికి కొత్తవి చెయ్యమని అప్పగించారు. మొదట చేసింది నన్నే. అందుకే తప్పు నాలోనే జరిగింది.

హర్డిల్ అన్నాక ఎత్తు మార్చుకోవాలి కదా. ఆడవాళ్ల పరుగుకు ఎనభై నాలుగు సెంటీమీటర్లు. కాళ్లకు రంధ్రాలు పెట్టి, కావలసిన రంధ్రంలో పిన్ను గుచ్చితే పలక ఆ ఎత్తులో ఆగుతుంది. ఆ రోజు ఎవాల్డ్ టేపు ఎక్కడో పారేసుకుని, భార్య బట్టలు కుట్టే టేపు తెచ్చుకున్నాడు. ఆ టేపు చివర పీచులు లేచిపోతే ఆ ఇల్లాలు మూడో నంబరు దాకా కత్తిరించేసింది. ఆమె కొలిచేటప్పుడు మూడు తీసేసి లెక్కపెట్టుకునేది. అది ఆమెకు తెలుసు, టేపుకు తెలుసు, ఎవాల్డ్‌కు తెలియదు. ఎనభై నాలుగు అనుకుని ఎనభై ఒకటి దగ్గర రంధ్రం తొలిచేశాడు.

సాయంత్రం భార్య వచ్చి చూసి, "ఇరవై ఏళ్లు కాపురం చేశావు, నా టేపు మూడు దగ్గర మొదలవుతుందని తెలియదా" అంది.

"నీ దగ్గర ఏది ఎక్కడ మొదలవుతుందో నాకెప్పుడు తెలిసింది" అన్నాడు ఎవాల్డ్. అని, రెండు వేళ్లు పైన ఇంకో రంధ్రం తొలిచి రంగు వేశాడు. తప్పు రంధ్రం అలాగే వదిలేశాడు. పూడ్చి ఉంటే ఈ కథే లేదు.

క్లబ్బులో నన్ను నాలుగో స్థానంలో పెట్టారు. ఆ స్థానానికి ఒక చెడ్డ పేరు ఉంది. అంతకు ముందు శరదృతువులో అన్నెగ్రెట్ బ్రేమర్ అనే అమ్మాయి నాలుగో హర్డిల్ దగ్గరే బోర్లాపడి, భుజం ఎముక విరగ్గొట్టుకుంది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల. సన్నగా, పొడుగ్గా, జుట్టు ఎప్పుడూ సగం ఊడిపోతూ. బయలుదేరిన చోటి నుంచి మొదటి హర్డిల్‌కు ఎనిమిది అడుగులు, తరువాత ఒక్కోదానికి మధ్య మూడేసి అడుగులు వెయ్యాలి. ఆ మూడు అడుగుల తాళం ఆమెకు పుట్టుకతో వచ్చినట్టుండేదని అందరూ చెప్పేవారు. ఎముక అతుక్కుంది గానీ తాళం అతుక్కోలేదు. మొదటి మూడూ గాలిలా దాటి, నా దగ్గరికి రాగానే అడుగులు చిన్నవైపోయేవి. ఆగిపోయేది. లేదా పక్కనుంచి తప్పుకుని పోయేది. నన్ను చూసి అంత భయపడిన మనిషి ఇంకొకరు లేరు. నాకు మాత్రం సంతోషమా చెప్పండి.

ఆమె కోచ్ ఫోల్క్‌మార్ డీట్సె. బడిలో భూగోళం చెప్పే మేష్టారు, పొద్దున్నే మైదానంలో కోచ్. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆమె బడి గోడ దూకుతుంటే పట్టుకుని, శిక్ష వెయ్యకుండా మైదానానికి తీసుకొచ్చాడు. ఆయన వల్లే ఆమె పరుగు నేర్చింది. అది నిజం, నిజాన్ని కాదనకూడదు.

మా దేశంలో ఒక పద్ధతి ఉంది. పెద్దయ్యాక ఎవరినీ ఊరికే 'నువ్వు' అనరు, 'మీరు' అంటారు. వయసులో పెద్దవారు ఏదో ఒక రోజు, "ఇకనుంచి మనం నువ్వు అనుకుందాం" అని తామే అనాలి. అప్పుడు ఇద్దరూ మోచేతులు మెలివేసి ఎవరి గ్లాసులోది వాళ్లు తాగుతారు. అంతటితో చిన్నవాళ్లు కూడా పెద్దవాళ్లను పేరు పెట్టి నువ్వు అనవచ్చు. అది అమర్యాద కాదు, ఇంట్లోకి పిలవడం. ఒకసారి ఇచ్చిన నువ్వును వెనక్కి తీసుకోవడం ఉండదు. కోపం వచ్చినా నువ్వే, తిట్టుకున్నా నువ్వే. వెనక్కి తీసుకున్నారంటే మనిషిని గుమ్మం బయటికి నెట్టి తలుపు వేసినట్టు. అన్నెగ్రెట్‌కు పద్దెనిమిది నిండిన రోజున డీట్సె ఆపిల్ రసంతో ఆ నువ్వు ఇచ్చాడట. క్లబ్బు క్యాంటీన్ నడిపే ఎల్ఫ్రీడె ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

"పిల్ల మూడు రోజులు సాధన చేసింది 'ఫోల్క్‌మార్, నువ్వు' అనడానికి. హర్డిల్ కంటే అదే కష్టమైంది దానికి" అనేది.

మార్చి మొదటి వారంలో ఒక పొద్దున, ఇంకా మంచు కరగకముందు, డీట్సె ఒక్కడే వచ్చాడు. నా ముందు కాసేపు నిలబడ్డాడు. పిన్ను తీసి, రెండు వేళ్లు కిందున్న ఆ తప్పు రంధ్రంలో గుచ్చాడు. ఎవరితోనూ అనలేదు. అన్నెగ్రెట్ వచ్చి, మూడూ దాటి, నా దగ్గర కళ్లు సగం మూసుకుని లేచింది. దాటింది. దాటి పదో హర్డిల్ దాకా వెళ్లి, అక్కడ కూలబడి నవ్వింది. రెండు వేళ్ల తేడా కంటికి ఆనదు, కాలికి తెలుస్తుంది. కాలికి ఏదో సులువుగా ఉందని తెలిసి, ధైర్యం వచ్చిందని అనుకుంది.

"భయం పోయింది ఫోల్క్‌మార్, చూశావా" అంది.

"చూశాను పిల్లా" అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

వారం రోజుల్లో మళ్లీ పైకి పెడదాం అనుకున్నాడని నా నమ్మకం. రోజూ పొద్దున్నే పిన్ను దాకా చెయ్యి వచ్చేది. ఒకసారి పైకి పెట్టాడు కూడా, పెట్టి, గేటు చప్పుడు విని, గబగబా కిందికి మార్చేశాడు. ఆమె రోజురోజుకూ వేగం పుంజుకుంటోంది. బాగా నడుస్తున్న బండి చక్రం ఎవరు విప్పుతారు. రేపు, రేపు అంటూ మే నెల వచ్చేసింది. నేను హర్డిల్‌నై పుట్టి, ఒక భయపడ్డ పిల్ల కోసం రోజూ వంగి నిలబడ్డాను. చేసేది మంచో చెడో తెలియదు. ఆమె దాటుతూ నా పలకను వేళ్లతో తట్టి వెళ్లేది. పందేనికి ముందు నాలుగో హర్డిల్‌ను ముట్టుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ జూన్‌లో మా మైదానంలోనే ఎంపిక పోటీలు పెట్టారు. పదమూడు పాయింట్ నాలుగు సెకన్ల లోపు పరిగెడితే యూరప్ పోటీలకు జర్మనీ జట్టులో చోటు. దానికోసమే ఆమె పదేళ్లు పరిగెత్తింది. హర్డిల్స్ అన్నీ జిల్లా సంఘం వాళ్లు తెచ్చారు, మమ్మల్ని షెడ్డులో పెట్టేశారు. న్యాయనిర్ణేతలు అన్నిటినీ కొలిచి సంతకాలు కూడా చేశారు. అంతలో సామాన్ల బండి ఒకటి వెనక్కి వచ్చి ఐదో వరసలో నాలుగో హర్డిల్ కాలు విరగ్గొట్టింది. ఐదో వరస అన్నెగ్రెట్‌ది.

"నా దగ్గర ఒకటుంది" అని డీట్సె పరిగెత్తుకొచ్చి నన్ను భుజాన వేసుకుని తీసుకెళ్లాడు. నన్ను నిలబెట్టాడు. పిన్ను ఊడి చేతిలోకి వచ్చింది. పందెం మొదలుపెట్టే తుపాకీ ఆయన ఎవరో పక్కన నిలబడి, క్యాంటీన్‌లో సాసేజీలు ఇంకా ఉన్నాయా అని అడుగుతున్నాడు. "ఎల్ఫ్రీడెను అడగండి, మీ ముఖం చూసి ఉన్నాయో లేవో చెబుతుంది" అంటూ డీట్సె పిన్ను గుచ్చాడు. ఆయన కళ్లు ఆ మనిషి మీద ఉన్నాయి, చెయ్యి మాత్రం మూడు నెలలుగా వెళ్లే దారిలోనే వెళ్లింది. కావాలని చెయ్యలేదు. ఈ ఒక్క సాక్ష్యం నేను ఆయన తరఫున చెబుతాను. మళ్లీ కొలవడం ఎవరికీ తోచలేదు.

అన్నెగ్రెట్ వచ్చి, నన్ను గుర్తుపట్టి, "నువ్వా, నువ్వు కూడా వచ్చావా" అని పలక తట్టింది. అది వందమంది చూశారు.

ఆమె పరుగు గురించి ఏం చెప్పను. నా మీదుగా వెళ్లినప్పుడు గాలి తగిలింది, అంతే. పదమూడు పాయింట్ రెండు సెకన్లు. రాష్ట్ర రికార్డు. డీట్సె టోపీ గాల్లోకి విసిరేశాడు. ఎల్ఫ్రీడె సాసేజీలు పొయ్యి మీద మాడిపోయాయి. రికార్డు అన్నాక ఆ వరసలో హర్డిల్స్ అన్నీ మరోసారి కొలవాలని నియమం. ఒకటి, రెండు, మూడు సరిగ్గా ఉన్నాయి. నా దగ్గర కొలతకర్ర పెట్టిన ఆయన రెండోసారి పెట్టాడు, మూడోసారి పెట్టాడు. డీట్సె ముఖం నేను అప్పుడు చూశాను. సున్నం కొట్టిన గోడలా ఉంది.

మూడు రోజుల తరువాత క్లబ్బు హాల్లో విచారణ. నన్ను దొంగసొత్తులా గోడకు ఆనించి పెట్టారు. బల్లకు అటు క్రీడా సంఘం వాళ్లు ముగ్గురు, ఇటు అన్నెగ్రెట్, డీట్సె. పక్క వరసలో పరిగెత్తిన రోస్‌విథా అనే అమ్మాయి, బ్రేమర్ ఆ హర్డిల్‌ను ముట్టుకుంది, నేను చూశాను అని చెప్పి వెళ్లింది. చూసిందే చెప్పింది, ఆమెను నేను తప్పు పట్టను. కాఫీ ఇవ్వడానికి వచ్చిన ఎల్ఫ్రీడె మాత్రం ఊరుకోలేదు.

"ఆ పిల్ల పిన్ను మార్చిందా? తన తలలో పిన్నే తిన్నగా పెట్టుకోవడం రాదు దానికి" అంది.

"ఎల్ఫ్రీడె గారూ, కాఫీ అక్కడ పెట్టి వెళ్లండి" అన్నాడు మధ్యలో కూర్చున్న ఆయన.

అన్నెగ్రెట్ కంగారు పడటం లేదు. హర్డిల్ పెట్టింది ఫోల్క్‌మార్. పొరపాటు ఎలా జరిగిందో ఫోల్క్‌మార్ చెబుతాడు. జట్టు సంగతి తరువాత, కనీసం ఈ మాట తన మీద ఉండదు. ఆమె ధీమా అది. ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఆ వారమే డీట్సె పేరు రాష్ట్ర కోచ్ పదవికి వెళ్లింది. ఆ ముగ్గురిలో ఇద్దరు దాని మీద సంతకం పెట్టవలసినవాళ్లే.

"చెప్పు ఫోల్క్‌మార్" అంది ఆమె.

డీట్సె ముందున్న కాగితం మడిచాడు, విప్పాడు. "నేను సరైన రంధ్రంలోనే పెట్టాను" అన్నాడు. "ఆ తరువాత ఏం జరిగిందో నాకు తెలియదు." ఆమె వైపు కాదు, ఆమె కుర్చీ వైపు చూస్తూ అన్నాడు, "అది మీరే చెప్పాలి, కుమారి బ్రేమర్."

మీరు. ఆ గదిలో మిగిలినవాళ్లకు అది మర్యాదలా వినిపించి ఉంటుంది. అబద్ధానికి జవాబు చెప్పవచ్చు నాయనా, ఆ 'మీరు'కు జవాబు లేదు. తరువాత వాళ్లు ఏమడిగినా ఆమె సరిగా చెప్పలేకపోయింది. తడబడింది. తడబాటును వాళ్లు తప్పు ఒప్పుకున్నట్టే రాసుకున్నారు. పరుగు రద్దు, ఏడాది నిషేధం.

గోడకు ఆనుకుని నేను అన్నీ విన్నాను. నాకు నోరుంటే అని ఎన్నో ఏళ్లు అనుకున్నాను. ఆమె తట్టి నమ్మిన దాన్ని నేను. ఆమె మీద సాక్ష్యమై నిలబడిందీ నేనే.

అన్నెగ్రెట్ ఊరు వదిలి వేరే క్లబ్బులో చేరింది. తరువాతి సంగతులు ఎల్ఫ్రీడె పేపర్లో చదివి, షెడ్డు తలుపు దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతూ ఎవరో ఒకరికి చెబుతుంటే విన్నవే. నిషేధం తీరాక ఆమె ఇంకా ఎనిమిదేళ్లు పరిగెత్తింది. ఎక్కడికి వెళ్లినా ఎనభై నాలుగు సెంటీమీటర్ల కర్ర ఒకటి వెంట తీసుకెళ్లి, పందేనికి ముందు తన వరసలో పది హర్డిల్సూ తానే కొలుచుకునేదట. న్యాయనిర్ణేతలు నవ్వేవారట. పక్క వరసల పిల్లలు వెక్కిరింతగా రెండు వేళ్లు ఎత్తి చూపించేవారట. ఒక ఏడు దేశం మొత్తం మీద జరిగే పోటీల ఫైనల్లో ఐదో స్థానం. ఇంకో ఏడు మూడో స్థానంలో ఉండగా పదో హర్డిల్ తగిలింది. పదమూడు పాయింట్ నాలుగు లోపు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

"కర్ర పెట్టి కొలిచి కొలిచి పరుగు మీద మనసెక్కడ ఉంటుంది" అనేది ఎల్ఫ్రీడె. ముప్పై ఒకటో ఏట మడమ నరం తెగి ఆపేసింది. కీళ్లనొప్పుల వాళ్లకు వ్యాయామం చేయించే చదువు చదివి, పెళ్లి చేసుకుని, ఒక కూతుర్ని కన్నది. డీట్సె రాష్ట్ర కోచ్ అయ్యాడు. చాలామందిని తయారు చేశాడు, మంచి కోచ్ అనే అన్నారు. నేను షెడ్డులో, పాత వలల కింద. నన్ను మళ్లీ ఎవరూ వాడలేదు.

ఆ విచారణ జరిగి నలభై ఏళ్లు గడిచాయి. ఎల్ఫ్రీడె పోయింది. క్లబ్బుకు నూరేళ్లు నిండితే హాలు పక్క గదిని మ్యూజియం చేశారు. షెడ్డు దులిపినప్పుడు నేను బయటపడ్డాను. పాత ఇనుముకు వెయ్యబోతుంటే, నా మీద ఉన్న ఆ రెండు అక్షరాలు మేష్టారి చేతిరాతని ఎవరో గుర్తుపట్టి ఆపారు. నన్ను తుడిచి, ఒక చీటీ పెట్టారు: 'రాష్ట్ర కోచ్ ఫోల్క్‌మార్ డీట్సె వాడిన సాధన హర్డిల్.' పాత క్రీడాకారులందరికీ పిలుపులు వెళ్లాయి. అన్నెగ్రెట్ రాదనుకున్నాను. వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. జుట్టు తెల్లబడింది, పిన్ను ఇప్పటికీ తిన్నగా లేదు.

గదిలో ఎవరూ లేనప్పుడు నా ముందు వంగింది. చీటీ చదివింది. నా కాళ్ల మీద చెయ్యి వేసింది. ముప్పై ఏళ్లు జనం మోకాళ్లు తడిమి నొప్పి ఎక్కడుందో చెప్పిన వేళ్లు అవి. పై రంధ్రంలో వేలు పెట్టింది. లోపల ఎవాల్డ్ వేసిన రంగు ఇంకా గరుకుగా ఉంది. కింది రంధ్రంలో పెట్టింది. అక్కడ రంగు లేదు, అంచు అరిగి నున్నగా ఉంది. ఒక్క రోజు గుచ్చిన పిన్నుకు ఇనుము అలా అరగదు. ఆమె చాలాసేపు వేలు తియ్యలేదు.

అప్పుడే డీట్సె చేతికర్ర పొడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఎనభై దాటాయి. ఆమెను చూసి ఆగాడు.

"ఎన్నాళ్లు?" అని అడిగింది.

ఆయన అర్థం కానట్టు నటించలేదు. "మార్చి నుంచి" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే దూకేదానివి కాదు నువ్వు."

"కావచ్చు. నాకు వచ్చింది ధైర్యం కాదన్నమాట." రంధ్రంలోంచి వేలు తీసింది. "అది పోనివ్వండి. ఆ రోజు గదిలో చెప్పి ఉండవచ్చు కదా. చెయ్యి అలవాటుగా పెట్టింది, నాదే పొరపాటు అని. ఒక్క మాట."

"పదవి పోయేది" అన్నాడు. తరువాత, "ఇప్పుడు మైకు దగ్గరికి పిలుస్తారు. ఇవాళ చెబుతాను. అందరి ముందూ చెబుతాను" అన్నాడు. అన్నెగ్రెట్ తల ఊపింది. చూశారా, ఇంకోసారి నమ్మింది.

గదికీ హాలుకూ మధ్య తలుపు తీసే ఉంది. డీట్సె మైకు ముందు పది నిమిషాలు మాట్లాడాడు. పాత మైదానంలో బురద గురించి, క్లబ్బు జెండా గురించి, భార్య ఓర్పు గురించి. "ఎందరో పిల్లలు నన్ను నమ్మారు, అదే నా ఆస్తి" అని కూర్చున్నాడు. చప్పట్లు.

అన్నెగ్రెట్ లేచింది. మైకు ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. గట్టిగా మాట్లాడలేదు. మూడు నెలలు తన హర్డిల్‌ను తనకు తెలియకుండా దించి పెట్టారని, పోటీ రోజున అలవాటు మీద పెట్టిందీ ఆయన చెయ్యేనని, విచారణలో ఆ తప్పు తన మీద వేశారని, రంధ్రాలు పక్క గదిలో ఉన్నాయి, ఎవరైనా వేలు పెట్టి చూసుకోవచ్చని చెప్పింది. నాలుగు వాక్యాలు. నలభై ఏళ్లు.

ఎవరూ కాదనలేదు. ఎవరూ అవుననలేదు. కప్పులో చెంచా తిప్పుతున్న చప్పుడు ఒకటి వినిపించింది. తరువాత క్లబ్బు అధ్యక్షురాలు లేచి, "చాలా పాత సంగతులు గుర్తుచేశారు. ప్లమ్ పండ్ల కేకు కోసి పెట్టాం, చల్లారకముందే తినండి" అంది. జనం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కేకు వైపు నడిచారు. ఒక్కరు కూడా నా గదిలోకి రాలేదు. మనుషులు నిజానికి భయపడతారంటారు గానీ, అది కాదు. నిజం కేకు వేళకు వచ్చిందని విసుక్కుంటారు, అంతే.

తలుపు దగ్గర డీట్సె ఆమెను ఆపాడు.

"అలా అనకుండా ఉండవలసింది. నా మనవలు ఉన్నారు ఇక్కడ."

"నా కూతురూ ఇక్కడే ఉంది" అంది ఆమె. "దానికి ఈ మాట ఎనిమిదేళ్లప్పుడు బడిలో చెప్పారు, మీ అమ్మ దొంగాట ఆడిందట అని. మీ వాళ్లకు ఇవాళ తెలిసింది. అంతే తేడా."

మరుసటి వారం కమిటీ వాళ్లు నా ముందు నిలబడి చర్చించారు. ఒకరు డీట్సె పేరు ఉంచాలన్నారు, ఒకరు అన్నెగ్రెట్ పేరు కూడా రాయాలన్నారు. చివరికి ఎవరికీ నొప్పి తగలకుండా తీర్పు చెప్పారు. పాత చీటీ తీసేసి కొత్తది పెట్టారు: 'సాధన హర్డిల్. ఎత్తు మార్చుకోవచ్చు.' ఎవరి పేరూ లేదు. దీన్ని వాళ్లు న్యాయం అన్నారు.

శరదృతువు వానలు మొదలయ్యాక అన్నెగ్రెట్ ఒక్కతే వచ్చింది. కోటు నుంచి నీళ్లు కారుతున్నాయి. కళ్లజోడు తుడుచుకుని చీటీ చదివింది. వెనక్కి తిరిగి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చింది. సంచిలో వెతికి పెన్ను తీసింది. చీటీ కింద కొంచెమే చోటుంది, అక్షరాలు ఇరికించి రాసింది: 'పిన్ను నేను మార్చలేదు. అన్నెగ్రెట్ బ్రేమర్.'

గది ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని అక్కడే నిలబడి చూస్తున్నాడు. "మ్యూజియం వస్తువుల మీద రాయకూడదమ్మా" అన్నాడు.

"తెలుసు" అంది ఆమె. పెన్ను మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

అతను దగ్గరికి వచ్చి చదివాడు. చీటీ పీకలేదు. చుట్టూ ఊడ్చి లైటు తీసేశాడు. ఇంతవరకు దాన్ని ఎవరూ చెరపలేదు. చదవడానికి వంగినవాళ్లు కూడా ఎక్కువమంది లేరు, నేను లెక్కపెట్టాను. పదకొండు మంది.